చౌడు మడికి మట్టి పరీక్ష: అనంతపురంలోని ఒక ప్రైవేటు పరీక్షా కేంద్రంపై సమీక్ష

అనంతపురంలో ప్రైవేటుగా నడుస్తున్న ఒక మట్టి, నీటి పరీక్షా కేంద్రంలో చెరువు కింది చౌడు మడుల మట్టిని పరీక్ష చేయించాను. ఈ సమీక్షకు ఆ అనుభవమే ఆధారం. కేంద్రం పేరు ఇక్కడ రాయడం లేదు. నేను ఎత్తిచూపబోయే లోపం, మెట్ట పొలాల కోసం తయారైన పరీక్షా విధానాన్ని ఉప్పు, క్షారం, నీటి నిల్వ మూడూ కలిసిన నేలకు యథాతథంగా వర్తింపజేసే ప్రతి చోటా ఉండేదే. ఉప్పు, క్షారాల విషయంలో వారిచ్చిన నివేదిక నమ్మదగినది, చెల్లించిన రుసుముకు తగినది. నత్రజని గడిలో వేసిన అంకెను, దాని కింద రాసిన యూరియా మోతాదును మాత్రం తడి చౌడులో సాగు చేసేవారు ఉన్నదున్నట్టు పాటిస్తే నష్టపోతారు.

పరీక్షకు ఇచ్చిన నేల సంగతి కొంత చెప్పాలి. హెచ్చెల్సీ (తుంగభద్ర ఎగువ కాలువ) నీరు చేరే ఒక చెరువు ఆయకట్టులో, కట్టకు దిగువన, ఏడాదిలో సగం కాలం ఊటనీరు నిలిచే పల్లపు మడులవి. ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే జిల్లాలో, ఎండకు ఆవిరయ్యే నీరు అంతకు కొన్ని రెట్లు ఉంటుంది కనుక, పల్లానికి చేరిన ఊట పైకి ఎగబాకి ఆవిరైపోతూ, తనలో కరిగి ఉన్న లవణాలను నేలపైనే విడిచిపెడుతుంది. వేసవిలో గట్ల వెంట తెల్లని పొర తేలుతుంది. గట్టు దాటి మడి నడుమకు వెళితే మాత్రం ఆ తెలుపు ఉండదు, నల్లగా, నూనె పూసినట్టు మెరిసే మట్టి ఉంటుంది. అంటే పాలచౌడు (ఉప్పు తేలిన నేల), కారుచౌడు (సోడియం పట్టిన క్షార నేల) ఒకే మడిలో పక్కపక్కనే ఉన్నాయి. వానాకాలంలో వరి వేస్తారు. వేయని మడులను జమ్ము, తుంగ ఆక్రమిస్తాయి. అక్కడి కౌలుదారు ఫిర్యాదు చాలా సూటిగా ఉంది: "అన్నా, యూరియా చల్లితే నాలుగు దినాలు పచ్చగుంటాది, మళ్లా ఎర్రబడతాది. బస్తాలు యాడికి పోతాండాయో తెలీదు." ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుందనే పరీక్షకు వెళ్లాము.

కేంద్రం సిబ్బంది మర్యాదగా మాట్లాడతారు. సంచి చేతికివ్వగానే రసీదు రాసి పంపించేయకుండా, పొలం ఎక్కడ, నీటి ఆధారమేమిటి, గతంలో ఏ పైరు వేశారు అని అడిగి రాసుకుంటారు. మట్టి తీసే పద్ధతిని వివరించే కాగితం తెలుగులోనే ఉంది: పైన చెత్త తొలగించి, 15 సెంటీమీటర్ల లోతు వరకు ఆంగ్ల అక్షరం 'వి' ఆకారంలో గుంట తీసి, అంచు వెంట సమానంగా మట్టి గీరి, పొలంలో పలుచోట్ల తీసిన మట్టిని కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు ఉంచుకుంటూ అర కిలో మిగిల్చి, నీడన ఆరబెట్టి తెమ్మని అందులో రాశారు. వేరుశనగ, కంది పొలాలకు ఈ సూచనల్లో తప్పు పట్టవలసినదేమీ లేదు. చౌడు మడికి రెండు చోట్ల ఇవి సరిపోవు. మొదటిది, ఉప్పు లోతును బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది కనుక పై పొర ఒక్కటే చాలదు; 15 నుంచి 30, వీలైతే ఇంకా కింది పొర కూడా విడిగా తీసి ఇవ్వాలి. ఇది వారు నోటితో చెప్పారు, కాగితంలో లేదు. రెండవది ఆరబెట్టడం, దాని గురించి కింద చెబుతాను, ఎందుకంటే నత్రజని లెక్క అక్కడే మొదట తప్పుతుంది.

ఉప్పు పరీక్షలో వారి పనితనం మెచ్చుకోదగినది. చాలా చోట్ల ఒక వంతు మట్టికి రెండు లేదా రెండున్నర వంతుల నీరు కలిపి ఈసీ (ఉప్పు పెరిగేకొద్దీ పెరిగే విద్యుత్ వాహకత) కొలిచి, ఆ అంకెను మీటరుకు 4 డెసీసీమెన్స్ అనే ప్రసిద్ధమైన హద్దుతో పోల్చేస్తారు. 1954లో అమెరికా లవణీయతా ప్రయోగశాల ప్రకటించిన ఆ హద్దు, మట్టిని నీటితో పేస్టుగా తడిపి, దాని నుంచి పిండి తీసిన ద్రవానికి సంబంధించినది. నీరు ఎక్కువ కలిపితే ఉప్పు పలచబడి అంకె తగ్గుతుంది కనుక, ఆ పోలికలో చెడ్డ నేల కూడా మంచిదిగా కనిపించే ప్రమాదం ఉంది. ఈ కేంద్రం అడిగినవారికి పేస్టు పద్ధతిలో చేస్తుంది, నివేదికలో ఏ పద్ధతో స్పష్టంగా రాస్తుంది. మార్పిడి సోడియం శాతాన్ని, అంటే మట్టి రేణువులకు అంటుకుని ఉన్న ధన అయాన్లలో సోడియం వాటాను కూడా కొలిచి, 15 దాటిందో లేదో చూపుతుంది. మా నడిమి మడుల పీహెచ్ (7 దాటేకొద్దీ క్షారం ఎక్కువ) 9 దాటింది, సోడియం శాతం కూడా హద్దు దాటింది. సోడియాన్ని మట్టి నుంచి విడిపించే జిప్సం ఎంత కావాలో షూనోవర్ పద్ధతిలో లెక్క కట్టి, మురుగు కాలువ తీయకుండా జిప్సం వేస్తే విడిపడిన సోడియం పోవడానికి దారి ఉండదని ఎర్ర అక్షరాల్లో ముద్రించారు. ఎరువుల దుకాణంలో ఈ మాట ఎవరూ చెప్పరు.

సేంద్రియ కర్బనం విషయంలో నాకొక అనుమానం ఉండేది. దాన్ని కొలిచే వాక్లీ, బ్లాక్ పద్ధతిలో కర్బనాన్ని ఆక్సీకరించే డైక్రోమేటు అనే రసాయనం ఉపయోగిస్తారు. మట్టిలో క్లోరైడు ఎక్కువగా ఉంటే అది కూడా డైక్రోమేటును కొంత తినేసి, లేని కర్బనాన్ని ఉన్నట్టు చూపిస్తుంది. ఉప్పు నేలల్లో ఈ తప్పు రాకుండా సిల్వర్ సల్ఫేటు కలపాలి. కలుపుతారా అని అడిగితే సాంకేతిక సహాయకుడు సీసా తెచ్చి చూపించాడు. కర్బనం అంకె నుంచే నత్రజనిని అంచనా వేసే చోట్ల ఈ జాగ్రత్త లేకపోతే ఒక తప్పు రెండు గడులకు పాకుతుంది.

ఇక నత్రజని గడి. అందులో మా మడులన్నిటికీ 'తక్కువ' అని వచ్చింది. అంటే హెక్టారుకు 280 కిలోల లోపు. ఈ అంకెను 1956లో సుబ్బయ్య, ఆసిజా ప్రతిపాదించిన క్షార పర్మాంగనేటు పద్ధతిలో తీస్తారు. మట్టిని పర్మాంగనేటు, కాస్టిక్ సోడాలతో మరిగించి, వెలువడిన అమ్మోనియాను పట్టి కొలవడం దాని సారాంశం. మట్టిలో ఉన్న అమ్మోనియం, సేంద్రియ పదార్థంలో సులువుగా విడిపోయే నత్రజని ఇందులో పట్టుబడతాయి, నైట్రేటు పట్టుబడదు. దేశంలో చాలా చోట్ల సిఫారసులకు దీన్నే ఆధారం చేసుకుంటారు కనుక కేంద్రం దీన్ని వాడటంలో తప్పు లేదు. మట్టి దగ్గర ఎంత నత్రజని బయటికి రాగలదో ఈ పరీక్ష చెబుతుంది. మడిలో వేసిన నత్రజని ఏ దారిన పోతోందో చెప్పదు. మా ఫిర్యాదు మొత్తం ఆ రెండో దాని గురించే.

పైగా ఆరబెట్టిన మట్టి. పీహెచ్ 9 దాటిన తడి మట్టిని నీడన పరచినా, ఆరేటప్పుడు నీటితో పాటు అమ్మోనియా కూడా గాలిలోకి పోతుంది. మరోవైపు, గాలి తగిలిన మట్టిలో సూక్ష్మజీవులు మిగిలిన అమ్మోనియంలో కొంత భాగాన్ని నైట్రేటుగా మార్చుతాయి. మడిలో ఉన్న పరిస్థితి వేరు, పరీక్ష బల్ల మీదికి చేరిన మట్టి పరిస్థితి వేరు.

మడిలో నత్రజని పోయే ఆ దారుల గురించి కొంత వివరంగా చెప్పకపోతే ఈ సమీక్షలోని ఫిర్యాదు అర్థం కాదు. యూరియా మట్టిలో యూరియేజ్ అనే ఎంజైము వల్ల కొద్ది రోజుల్లోనే అమ్మోనియంగా మారుతుంది. అమ్మోనియం అయాను, అమ్మోనియా వాయువు రెండూ నీటిలో ఒకదానికొకటి మారుతూ ఉంటాయి, ఏది ఎంత అన్నది పీహెచ్ మీద ఆధారపడుతుంది. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7.2 వద్ద వాయు రూపం నూటికి ఒకటి మాత్రమే, 8.2 వద్ద ఎనిమిది, 9.2 వద్ద దాదాపు సగం. వేడి పెరిగితే వాయువు వాటా ఇంకా పెరుగుతుంది. నిలిచిన నీటిలో పాచి పగటి పూట కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటుంది కనుక, నేల అంత క్షారంగా లేకపోయినా మధ్యాహ్నానికి ఆ నీటి పీహెచ్ 9 దాటగలదు. ఎండలో, గాలి వీచే వేళ, నిలిచిన నీటిపై యూరియా చల్లడమంటే బస్తాలో కొంత భాగాన్ని నేరుగా గాలికి వదలడమే. కౌలుదారు అడిగిన ప్రశ్నకు జవాబులో పెద్ద వాటా ఇదే. కెన్యాలోని మగాడి సరస్సు నీరు పీహెచ్ 10 వరకు ఉండే సోడా నీరు. అక్కడి చిన్న టిలాపియా చేపలు, మిగతా చేపల్లా అమ్మోనియాను విసర్జించడం ఆ నీటిలో కష్టం కనుక, దాన్ని యూరియాగా మార్చి విసర్జిస్తాయి. చౌడులో మనం యూరియా వేసి అమ్మోనియా పోగొట్టుకుంటుంటే, ఆ చేపలు అమ్మోనియాను యూరియాగా మార్చి బతికిపోతున్నాయి.

గాలికి పోకుండా మిగిలిన అమ్మోనియం నైట్రేటుగా మారాలంటే గాలి కావాలి, ఆ పని చేసే బాక్టీరియాకు, వాటిలాంటి మరో రకం సూక్ష్మజీవులైన ఆర్కియాకు అనువైన పరిస్థితి కావాలి. ఉప్పు వాటిని మందగింపజేస్తుంది. క్షారం ఎక్కువై వాయు రూపంలోని అమ్మోనియా పేరుకుంటే, నైట్రైటును నైట్రేటుగా మార్చే జీవులు ముందుగా దెబ్బతింటాయి. పని నడుమ దశలో ఆగి నైట్రైటు పోగుపడవచ్చు. ఇక్కడ కారుచౌడు స్వభావం మరో చిక్కు తెస్తుంది. సోడియం పట్టిన బంకమన్ను తడిసినప్పుడు అంబలిలా విడిపోయి, రంధ్రాలను పూడ్చేసి, నీటిని కిందికి దిగనివ్వదు, గాలిని లోపలికి రానివ్వదు. అందువల్ల మడిలో పైన కొన్ని మిల్లీమీటర్ల మందాన మాత్రమే గాలి తగిలే పొర ఉంటుంది. గడ్డపారతో తీసిన మట్టి ముద్దను కత్తితో నిలువుగా కోసి చూస్తే ఇది కంటికే కనిపిస్తుంది: పైన పలుచని గోధుమ రంగు పొర, దాని కింద బూడిద నీలం కలిసిన మట్టి, వరి వేళ్ల చుట్టూ తుప్పు రంగు గీతలు. ఆ పై పొరలో, వేళ్ల చుట్టూ ఏర్పడే నైట్రేటు, ఒక్క అంగుళం కిందికి జారితే ఆక్సిజన్ లేని చోటికి చేరి, అక్కడి బాక్టీరియా చేతిలో నైట్రైటు, నైట్రిక్ ఆక్సైడు, నైట్రస్ ఆక్సైడుల మీదుగా మామూలు నత్రజని వాయువుగా మారి పైకి పోతుంది. చివరి మెట్టును నడిపే ఎంజైముకు క్షార నేల అనుకూలమే, ఆమ్ల నేలల్లో కన్నా పని బాగా చేస్తుంది. ఉప్పు ఎక్కువైతే మాత్రం అదే ఎంజైము దెబ్బతిని, వాతావరణానికి హాని చేసే నైట్రస్ ఆక్సైడు వాటా పెరగవచ్చు. రైతు లెక్కలో రెండూ నష్టమే. సేంద్రియ పదార్థం దండిగా ఉండి, నైట్రేటు కొరతగా ఉన్న చోట, కుళ్లిన గుడ్ల వాసన వచ్చే సల్ఫైడు కూడా ఉన్న చోట, నైట్రేటు తిరిగి అమ్మోనియంగా మారే దారి కూడా ఉంది. ఆ దారిలో నత్రజని నేలలోనే మిగులుతుంది. జమ్ము కుళ్లిన మడుల్లో ఇది జరుగుతుందని ఆశించవచ్చు కానీ మామూలు మట్టి పరీక్షలో తేలదు.

ఇంత జరిగే నేలకు నివేదిక ఇచ్చిన సలహా ఒక్క వాక్యం: నత్రజని తక్కువ కనుక సిఫారసు మోతాదుకు మించి యూరియా వేయాలి. చౌడు నేలల్లో మామూలు మోతాదు కన్నా నాలుగో వంతు నత్రజని అదనంగా వేయమని చెప్పడం వ్యవసాయ శాస్త్రంలో ఉన్నదే, దానికి కారణం కూడా పైన చెప్పిన నష్టమే. అయితే అదనంగా వేసేది ఎప్పుడు, ఎలా వేయాలో చెప్పకుండా అంకె మాత్రమే ఇస్తే, పోయే బస్తాల సంఖ్య పెరుగుతుంది. జిప్సం వేసి, సోడియాన్ని కడిగి, పీహెచ్ తగ్గించడమే నత్రజని నష్టానికి మొదటి మందు అని జిప్సం పేజీని, నత్రజని పేజీని కలిపి చదివితే తెలుస్తుంది. నివేదికలో ఆ రెండు పేజీలకు సంబంధమే లేదు. ఇది నాకు అన్నిటికన్నా పెద్ద లోపంగా తోచింది.

వేపపూత యూరియా వాడమని కూడా రాశారు. 2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియా అంతటికీ వేపపూత తప్పనిసరి కనుక, దుకాణంలో సాధారణంగా దొరికేది అదే, సలహా అవసరం లేదు. వేప పూత అమ్మోనియం నైట్రేటుగా మారే వేగాన్ని తగ్గిస్తుంది. ఆ మేరకు నీటిలో కొట్టుకుపోయే, వాయువుగా మారే నైట్రేటు తగ్గుతుంది. పీహెచ్ 9 ఉన్న మడిలో మాత్రం అమ్మోనియం ఎక్కువ కాలం అమ్మోనియంగానే ఉండటం వల్ల, దాన్ని మట్టిలో కలపకుండా పైన వదిలేస్తే, గాలికి పోయే అవకాశం కూడా పెరుగుతుంది. కాబట్టి ఇక్కడ రైతుకు పనికొచ్చే సలహా పూత గురించి కాదు, వేసే పద్ధతి గురించి: మడిలో నీరు తీసేసి, బురద పదును మీద సాయంత్రం వేళ చల్లి, మట్టిలో కలిసేలా చేసి, తర్వాత నీరు పెట్టడం, మొత్తాన్ని ఒకేసారి కాక దఫాలుగా వేయడం. 45 కిలోల బస్తాలో 46 శాతం చొప్పున 20 కిలోలకు కొంచెం పైన నత్రజని ఉంటుంది. అందులో ఎంత పైరుకు చేరుతుందో ఈ పద్ధతే నిర్ణయిస్తుంది.

ఈ సందేహాలన్నీ అడిగినప్పుడు కేంద్రం నిర్వాహకురాలు చెప్పిన మాట నాకు ఆశ్చర్యం కలిగించింది. "అమ్మోనియం, నైట్రేటు విడివిడిగా చేస్తాం సార్, అడిగేవాళ్లు లేరు కాబట్టి బోర్డు మీద పెట్టలేదు" అన్నారు. తడి మట్టిని ఆరబెట్టకుండా, గాలి లేని ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఐస్ పెట్టెలో పెట్టి అదే రోజు అందజేయాలి. వారు దాన్ని పొటాషియం క్లోరైడు ద్రావణంలో గిలకొట్టి, వడపోసి కొలుస్తారు. తేమ శాతం విడిగా తీసి, ఆరిన మట్టి బరువు మీద లెక్క చూపుతారు. ఈ రెండో పరీక్ష మాకు నిజంగా ఉపయోగపడింది. నీరు నిలిచిన మడుల్లో ఉన్న కాస్త ఖనిజ నత్రజని దాదాపు అంతా అమ్మోనియం రూపంలోనే, అది కూడా పై పొరలో కన్నా కింది పొరలో ఎక్కువగా ఉందని, నైట్రేటు పేరుకు మాత్రమే ఉందని తేలింది. బీడుగా వదిలి వేసవిలో ఆరిన మడిలో పరిస్థితి తారుమారు: అక్కడ నైట్రేటు చెప్పుకోదగినంత ఉంది. అలా పోగుపడిన నైట్రేటు, నాట్ల కోసం నీరు పెట్టి దమ్ము చేయగానే వాయువుగా మారి, లేదా నీటితో దిగిపోయి నష్టమయ్యేదే. ఆ మడిలో వాన మొదలయ్యేలోపు జీలుగ చల్లితే, ఉన్న నైట్రేటును అది పీల్చుకుని, తన వేరు బుడిపెల ద్వారా గాలిలోని నత్రజనిని కూడా చేర్చి, కలియదున్నినప్పుడు మట్టికి తిరిగి ఇస్తుంది. జీలుగ చౌడును తట్టుకుంటుందన్నది ఈ ప్రాంత రైతులకు కొత్త సంగతి కాదు. ఏ మడిలో ముందు వేయాలో చెప్పింది మాత్రం ఈ పరీక్ష.

ప్రభుత్వ మట్టి ఆరోగ్య పత్రంతో పోల్చమని కొందరు అడుగుతారు. 2015లో మొదలైన ఆ పథకంలో 12 అంశాలు ఉంటాయి, రైతుకు ఖర్చు లేదు, పోషకాల స్థితి తెలుసుకోవడానికి అది చాలు. మార్పిడి సోడియం, జిప్సం అవసరం, అమ్మోనియం, నైట్రేటు ఆ పన్నెండులో లేవు. మెట్ట రైతులు ఈ ప్రైవేటు కేంద్రానికి డబ్బు పెట్టనవసరం లేదని నా ఉద్దేశం. చౌడు, ఊట ఉన్నవారికి మాత్రం పెట్టిన డబ్బు దండగ కాదు.

రుసుము విషయానికొస్తే, ప్రాథమిక పరీక్ష ఒక యూరియా బస్తా ధరకు కొంచెం పైన. జిప్సం లెక్క, తడి మట్టి పరీక్ష కలిపితే అంతకు కొన్ని రెట్లు అవుతుంది. మడి మడికీ చేయించడం సామాన్య రైతుకు భారమే కనుక, ఒకే తీరుగా ఉన్న మడులను ఒక గుంపుగా చూసుకుని గుంపుకొక నమూనా ఇవ్వడం మేలు. నివేదిక చెప్పిన గడువుకన్నా ఆలస్యంగా వచ్చింది. ఫోను చేస్తే తప్ప ఆలస్యం సంగతి చెప్పలేదు. ముద్రణ తెలుగులో ఉన్నా, సిఫారసుల భాగం ఏ నేలకైనా ఒకే అచ్చులో పోసినట్టుంది. బోరు నీరు వాడేవారు నీటి పరీక్ష కూడా తప్పక చేయించాలి. శేష సోడియం కార్బనేటు (నీటిలో కాల్షియం, మెగ్నీషియాలకు మించి మిగిలే కార్బనేటు, బైకార్బనేటు) లీటరుకు 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు దాటిన నీరు పెడుతూ ఉంటే, వేసిన జిప్సం ఫలితం కొంత కాలానికే కరిగిపోతుంది. ఆ పరీక్ష కేంద్రంలో త్వరగా, చౌకగా అవుతుంది.

తడి మట్టి పరీక్ష కావాలనుకునేవారు ముందు రోజే ఫోనులో చెప్పి ఉంచాలి, ద్రావణం అప్పటికప్పుడు సిద్ధంగా ఉండదు. వారం చివరి రోజుల్లో ఇస్తే సెలవు దినం అడ్డు వచ్చి మట్టి సంచిలోనే ఉండిపోతుంది కనుక, సోమ, మంగళవారాల్లో ఉదయాన్నే తీసుకెళ్లడం మంచిది. సంచి మీద మడి గుర్తు, లోతు, ఆ మడికి చివరిసారి యూరియా వేసిన తేదీ రాసి ఇవ్వండి. ఆ తేదీ అడిగే గడి వారి దరఖాస్తులో ఇప్పటికీ లేదు.